నోటిపూత వేడివలననేనా?

మన యిండ్లలో ఎవరికైనను నోరు పూసినదన్న మాట వినబడినతోడనే నలుగురినుండియు వచ్చు సమాధానము ఒక్కటే: "వేడిచేసినది." పెదవి చీలినను వేడియే, నాలుక మండినను వేడియే, చిగుళ్లు ఎఱ్ఱబడినను వేడియే. వెంటనే సబ్జాగింజలు నానవేయుదుము, బార్లీ కాచుదుము, తలకు చమురు పెట్టుదుము. ఈ యుపచారములవలన హాని యేమియు లేదు. పలుచని మజ్జిగవలన కొంత మేలును గలదు. కాని వేడి యనునది జబ్బునకు పేరు కాదు. నోరు తెఱపించి చూడకుండుటకు మనము చెప్పుకొను సాకు మాత్రమే.

ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ పొరపాటు చేసినవారిలో నేనే మొదటిదానను.

మా పెద్దవదినగారికి రెండేండ్ల క్రిందట వేసవిలో పెదవుల మూలలు చీలినవి. నాలుక ఎఱ్ఱబడి, చారన్నము కూడ మంట పుట్టించుచుండెను. దూరమున నున్న నాకు ఫోనులో చెప్పగా, "వేడిచేసినది వదినా, సబ్జాగింజలు త్రాగండి" అంటిని. ఆమెయు నవ్వి, "కారము మాన్పించుటకు దేవుడే ఈ యేర్పాటు చేసినాడు లేవమ్మా" అనెను. వేసవి పోయెను, వానలు వచ్చెను, దసరా గడచెను. పూత పూర్తిగా పోలేదు. సంక్రాంతికి నేను వెళ్లినపుడు ఆమె తడిబట్టల బకెట్టుతో మేడమెట్లెక్కుచు నడుమనే కూలబడి ఆయాసపడుచుండెను. అప్పుడు కిటికీవద్దకు పిలిచి నాలుక చూపుమంటిని. నాలుకపై నుండవలసిన సన్నని గరుకుదనమే లేదు. నూనె రాచిన గచ్చువలె నున్నగా, పచ్చిపుండువలె ఎఱ్ఱగా నుండెను. కనురెప్ప క్రిందికి లాగి చూడగా అచట మాత్రము ఎఱుపే లేదు. ఎనిమిది నెలలు వేడి యనుకొంటిమి! ఆ తరువాతి కథ ముందు చెప్పెదను. మొదట నోటి సంగతి తెలిసికొందము.

నోటిలోపల, ముక్కులోపల, కనురెప్పల లోపలివైపున, గొంతునుండి ప్రేవుల చివరవఱకు ఒక తడిపొర పఱచియుండును. దీనికి శ్లేష్మపటలమని పేరు. ఇది పలుచని పొర గనుక క్రిందనున్న నెత్తురు పైకి గులాబివన్నెగా కనబడును. ఆ పొరకు దెబ్బ తగిలినను, క్రిములు సోకినను, కాలినను అచటి సన్నని నాళములు వెడల్పై నెత్తురు ఎక్కువగా చేరును. ఎఱుపు, వాపు, నొప్పి, వేడి కలుగును. మన పెద్దలు వేడి యన్నది ఈ లక్షణమును చూచియే కాబోలును. వారు చూచినది నిజమే. అయితే ఆ వేడి ఫలితమే గాని కారణము కాదు.

ఈ పొరయందు ఇంకొక విశేషము గలదు. నోటిలోని పైకణములు కొలదిదినములలోనే రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. నిత్యము ఇల్లు పడగొట్టి కట్టుకొనువానికి ఇటుకలు నిత్యము కావలెను గదా! ఆహారములో ఏ సారము కొఱవడినను చేతికన్న, కాలికన్న ముందుగా నోరే తెలుపును.

మొదట సామాన్యమైన పూతను గూర్చి చెప్పెదను. బుగ్గలోపలనో పెదవిలోపలనో గుండ్రని చిన్న పుండు, నడుమ తెల్లగా లేక పసుపుగా, చుట్టును ఎఱ్ఱని అంచుతో లేచును. పల్లు గీచికొన్నను, బుగ్గ కొఱుకుకొన్నను, పరీక్షల దినములలో పిల్లలకు నిద్ర చాలకున్నను ఇది రావచ్చును. కొన్ని కుటుంబములలో తల్లికుండిన బిడ్డకు నుండును. ఒకరినుండి యొకరికి అంటుకొనదు. 7 మొదలు 14 దినములలో దానంతట నదియే మానును. గోరువెచ్చని నీటి గ్లాసులో అరచెంచా ఉప్పు కరగించి దినమునకు మూడు నాలుగుసార్లు పుక్కిలించుట, కారము, పులుపు, పొగలు గ్రక్కు కాఫీ కొన్నాళ్లు మానుట, మెత్తని కుంచెతో పండ్లు తోముకొనుట చాలును. నేయి వేసిన మెత్తని అన్నము, చల్లారిన పాలు, పెఱుగన్నము నొప్పి లేకుండ లోనికి పోవును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండ ముందునకు పోజాలను. పసిబిడ్డకు నోరు పూసిన వెలిగారమును పొంగించి తేనెలో రంగరించి నాకించుట మన నాయనమ్మల నాటి వైద్యము. వెలిగారము కడుపులోనికి పోయిన పసివారికి విషమే. అట్లు నాకించుటవలన బిడ్డలకు మూర్ఛలు వచ్చిన సంగతులు వైద్యగ్రంథములలో గలవు. తేనెకూడ ఏడాది నిండని బిడ్డకు పెట్టరాదు. మఱికొందఱు పంటినొప్పికి ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై నుంచుకొందురు. అది చిగురును తెల్లగా కాల్చివేయును. తాంబూలములో సున్నము ఎక్కువైన బుగ్గ పొక్కుట మీకందఱకు తెలిసినదే.

చంటిబిడ్డ నాలుకపై పాలతరకవలె తెల్లని పొర కట్టి, తుడిచిన క్రింద ఎఱ్ఱగా నున్నచో అది పాలమఱక కాదు. ఒక జాతి బూజు. వైద్యుడిచ్చు చుక్కలమందుతో తగ్గును. తల్లి చనుమొనలకును మందు వ్రాయవలసి యుండవచ్చును. ఆ బూజే పెద్దలలో కట్టుడుపండ్లు రాత్రియు తీయనివారి అంగిటిలోను, ఉబ్బసమునకు మందు పీల్చి నోరు కడుగుకొననివారి గొంతులోను, మధుమేహము అదుపులో లేనివారిలోను చేరును. కట్టుడుపండ్లను రాత్రి తీసి, తోమి, నీటిలో నుంచవలెను. మందు పీల్చినపిమ్మట నోరు పుక్కిలించి ఉమిసివేయవలెను.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. పెదవుల మూలలు రెండువైపుల చీలి, పెదవులు పగిలి, నాలుక ఎఱ్ఱనో ఊదావన్నెనో అయి, కొంచెమైన కారమునకే మండుచున్నచో మొదట భోజనపు కంచమును చూడవలెను. రైబోఫ్లేవిన్ అను బి జాతి జీవసత్త్వము చాలకున్న ఈ లక్షణములే కనబడును. పాలు, పెఱుగు, గ్రుడ్లు, ఆకుకూరలు దీనికి స్థానములు. తెల్లని దంపుడు పడిన బియ్యములో ఇది బహుస్వల్పము. ఆ స్వల్పమును నాలుగు కడుగులు కడిగి, గంజి వార్చి మనమే పాఱబోయుదుము. బి జాతి సత్త్వములు నీట కరగిపోవునవి. కడుగు ఒకటి రెండు చాలును. నీరు ఇగురునట్లు వండుకొనుట మేలు. గంజి వార్చినను దానిని పాఱబోయక చారులో కలుపుకొనవచ్చును. పాలగిన్నెను ఎండలో నుంచినను రైబోఫ్లేవిన్ నశించును. పప్పు త్వరగా నుడుకుటకై వంటసోడా వేసినను ఈ జాతి సత్త్వములలో కొన్ని చెడును.

అయితే సోదరీమణులారా, గంజి వార్చుటకన్న పెద్ద కారణము వేఱొకటి గలదు. ఇల్లంతయు తినినపిమ్మట తినువారెవరు? పాలు పిల్లలకు, పెఱుగుమీగడ అల్లునికి, గ్రుడ్డు కుఱ్ఱవానికి, కూర అడిగినవారికి వడ్డించి, అడుగంటిన అన్నములో ఊఱగాయ కలుపుకొని "నాకిది చాలు" ననువారెవరు? ఒకే వంటశాలలో, ఒకే కుండలోని యన్నము తినుచున్న యింట ఒక్క యిల్లాలికే నోరు పూయుటలోని రహస్యము ఇదియే. ఆమె వేఱుగా తినుట లేదు, మిగిలినది తినుచున్నది.

ఆహారమునకును ఎఱ్ఱని నాలుకకును గల సంబంధము లోకమునకు సులభముగా తెలియలేదు. పెలాగ్రా యను వ్యాధిలో నాలుక, నోరు ఎఱ్ఱబడును; విరేచనములగును; ఎండ తగులుచోట్ల, ముఖ్యముగ మెడచుట్టును హారము వేసినట్లు చర్మము నల్లబడి పొట్టురాలును; ముదిరిన మతి చెడును. అమెరికా దక్షిణభాగమున వేలకొలది జనులు దీనిచే మరణించుచుండగా, ఇది అంటువ్యాధి యనియే పలువురు నమ్మిరి. 1914 నుండి జోసఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు పరిశోధించి, ఇది అంటునది కాదనియు, మొక్కజొన్నయే ముఖ్యాహారమై పాలు, మాంసము కొఱవడిన బీదల జబ్బనియు చూపెను. ఆ కొఱవడిన వస్తువు నయాసిన్ అని 1937లో ఎల్వెహ్యమ్ నాలుక నల్లబడు కుక్కలకు దానినిచ్చి నయముచేసి తెలిపెను.

ఈ కథలో మన హైదరాబాదునకును భాగము గలదు. కూనూరులోనుండిన పోషణ పరిశోధనాలయము 1950వ దశకపు చివర హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషణసంస్థ యయ్యెను. అచటి వైద్యులు సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యలు, మొక్కజొన్న తిననివారైనను జొన్నయే ముఖ్యాహారముగ గల తెలంగాణ బీదలలో పెలాగ్రా వచ్చుచుండుట గమనించి, జొన్నలో ల్యూసిన్ అను పదార్థ మధికముగ నుండుట దీనికి కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. ఆ కారణమును గూర్చి పిమ్మట వాదములు చెలరేగినవి. గాని రొట్టె ఒక్కటే తినినచో చాలదన్న మాట నిలిచినది. జొన్నరొట్టెను నిందింపబనిలేదు. దాని ప్రక్కన పప్పు, ఆకుకూర, గ్లాసెడు మజ్జిగ నుండవలెనన్నదే విశేషము.

ఇక మా వదినగారి కథ. నెత్తురు పరీక్షింపగా హీమోగ్లోబిన్ 6.8 గ్రాములు. స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తక్కువ కారాదు. ఇనుము లేమివలన నాలుక నున్నబడి మండును, పెదవిమూలలు చీలును. ఫోలిక్ ఆమ్లము, బి12 చాలకున్నను ఇట్లే యగును. ఆమెకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము రెండును తగ్గియుండెను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారు. ఆంధ్రప్రదేశము, తెలంగాణములలో ఈ సంఖ్య ఇంకను కొంచెమెక్కువయే.

ఫోలిక్ ఆమ్లము కనిపెట్టబడిన తీరు స్త్రీలమైన మనము తెలిసికొనదగినది. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు బీద గర్భిణులకు వచ్చు ఘోరమైన రక్తహీనతను పరీక్షించెను. అనేకవిధముల ఆహారములను పరీక్షించి, బీరు తయారీకి వాడు ఈస్టునుండి తీసిన చవుకైన సారముతో వారికి నయమగుటను 1931లో ప్రకటించెను. ఆ సారములోని వస్తువు ఏదో అప్పటికి తెలియదు. దానిని కృత్రిమముగ తయారుచేసి 1945లో లోకమునకందించిన లెడర్లీ ప్రయోగశాలలోని బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సంగ్రహణి యను వ్యాధిలో నాలుక పూచి, అన్నము వంటబట్టక, నెత్తురు క్షీణించి మనిషి శుష్కించిపోవును. ఆయన సోదరులను ఈ వ్యాధి బలిగొనెను. ఆయనకును సోకగా ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రదికెను. అట్టివాని చేతిమీదుగా తయారైన ఆ మందే పిమ్మట సంగ్రహణిరోగులకు ప్రాణము నిలిపినది. 1948లో ఆయన గతించిరి. ఆశా కార్యకర్త మన గర్భిణుల చేతిలో పెట్టు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు. దానిని బీరువాలో దాచిపెట్టు కోడండ్రు ఎందఱో గలరు!

మాత్ర వేసికొన్న కడుపులో త్రిప్పుననియు, మలము నల్లబడుననియు భయపడుదురు. నల్లబడుట హాని కాదు. త్రిప్పునట్లున్న భోజనమైన కొంతసేపటికి వేసికొనవచ్చును. నిమ్మనీటితో వేసికొన్న ఇనుము బాగుగ నొంటబట్టును; కాఫీ, టీలతో పట్టదు. ఆ రెంటినుండి గంటయైనను దూరముంచవలెను. తోటకూర, మునగాకు, పాలకూరలను ఎక్కువసేపు ఉడికించిన ఫోలిక్ ఆమ్లము పోవును గనుక మూతపెట్టి త్వరగా దింపవలెను.

బి12 సంగతి వేఱు. ఇది ఆకులలో గాని గింజలలో గాని దొరకదు. పాలు, పెఱుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే యుండును. మాంసము ముట్టక, మజ్జిగ కూడ పలుచగా మాత్రమే పోసికొను వృద్ధస్త్రీలకు నాలుక మండుచు, అరికాళ్లు తిమ్మిరులెక్కి, నడకలో తూలుచున్నచో దీనిని అనుమానింపవలెను. ఇట్టివారు తమంతట తాము ఫోలిక్ ఆమ్లము మాత్రమే మ్రింగరాదు. నెత్తురు బాగుపడినట్లు కనబడుచుండగానే నరములు లోలోపల చెడుచుండును. రెండును పరీక్ష చేయించియే మందు తినవలెను.

మా వదినగారికి వారమురోజులలోనే నాలుకమంట తగ్గెను. నెత్తురు నిండుటకు నాలుగు నెలలు పట్టెను. ఆ నాలుగు నెలలును మా యన్నగారు ఆమెను తమతోపాటు కూర్చుండబెట్టి భోజనము చేయించిరి. మొదట ఆమె సిగ్గుపడెను. ఇప్పుడు ఆమె రాకున్న ఆయనయే కంచము ముట్టరు.

నొప్పిగల ఎఱుపును గూర్చి ఇంతవఱకు వ్రాసితిని. నొప్పి లేని ఎఱుపు ఇంతకన్న భయంకరమైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు పల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పుండు కొన నోటిలోపలికి పెట్టుకొని కాల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి చుట్ట ఆఱిపోకుండుటకు ఈ యలవాటు పుట్టినదని చెప్పుదురు. నిప్పు సెగ నేరుగా అంగిటికి తగులును. అంగిలి మొదట తెల్లబడి, అందులో ఎఱ్ఱని చుక్కలు లేచి, కొందఱికి క్రమముగ పుండై కాన్సరుగ మాఱును. లోకమున అంగిటి కాన్సరు సాధారణముగ అరుదు. ఈ పల్లెలలో అరుదు కాదు. 1971లో ప్రకటితమైన యొక పరిశోధనకై శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను వైద్యులు పరీక్షించిరి. మా యింటికి చేపలు తెచ్చు ముసలమ్మను ఒకనాడు అడుగగా, "నొప్పెట్టదమ్మా, అలవాటైపోనాది" అని నోరు తెఱచి చూపెను. నొప్పి లేదనుటయే నన్ను కలవరపఱచినది.

వక్కయు నిరపాయమైనది కాదు. పొగాకు కలిసినను కలియకున్నను వక్క కాన్సరు కలిగించునని 2004లోనే అంతర్జాతీయ వైద్యసంస్థ నిర్ణయించినది. వక్కపొడి పొట్లములు, గుట్కాలు నమలువారికి మొదట కారము తినినపుడు మంట పుట్టును. పిమ్మట బుగ్గలు పాలిపోయి బిగుసుకొని నోరు తెఱచుట తగ్గును. మూడువ్రేళ్లు నిలువుగా నోటిలో పట్టకున్నచో ఆలస్యము చేయరాదు. భోజనానంతరపు తాంబూలమును నేను మానుమన్న కోపపడు పెద్దలు గలరని యెఱుగుదును. తమలపాకు నెవరును తప్పుపట్టుట లేదు. వక్కను, పొగాకును మానుడని మాత్రమే నా ప్రార్థన.

రెండువారములు దాటినను మానని పుండు, నొప్పి లేకున్నను చెఱగని ఎఱ్ఱని లేక తెల్లని మచ్చ, నోటిలో తగులు గట్టి గడ్డ, మ్రింగుటకు కష్టము: వీనిలో ఏది కనబడినను పంటివైద్యునికైనను చూపవలెను. క్రొత్తమందు తిన్నపిమ్మట నోటిలోను, కన్నులలోను, ఒంటిమీదను ఒక్కమారుగ పొక్కులు లేచినచో, లేక నాలుక వాచి ఊపిరి ఆడకున్నచో ఉదయము వఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. తినిన మందుల చీటి వెంట తీసికొనిపోవలెను.

నెలకొక దినము, తలంటుకొను దినమనుకొనుడు, ఉదయపు వెలుతురులో అద్దము ముందు నిలిచి పెదవులను తిప్పి, బుగ్గలను లాగి, నాలుకను పైకెత్తి క్రిందివైపును, తల వెనుకకు వంచి అంగిటిని చూచుకొనుడు. అత్తగారికి కన్నులు సరిగా కానరాకున్న మీరే చూడుడు. మా చేపలముసలమ్మ మూడు నెలలు బ్రతిమాలించుకొని, చివరకు పట్టణమునకు వచ్చి అంగిలి చూపించుకొన్నది. మచ్చ యున్నది గాని ముదురలేదని వైద్యురాలు చెప్పెను. ఇప్పుడు చుట్ట మానినది. ఆఱు నెలలకొకసారి చేపలబుట్ట మా అరుగుమీద దింపి, ఆసుపత్రికి పోయి వచ్చుచున్నది.